కార్జం కుడివైపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు, అడగకపోయినా చెబుతారు. నర్సు ట్రైనింగ్‌లో శరీర నిర్మాణం ప్రాక్టికల్ తప్పిన రోజు నన్ను ముంచింది సగం తెలియనితనమైతే, మిగతా సగం ఆ కోపమే.

మా ట్రైనింగ్ సెంటర్‌లో ఒక ప్లాస్టిక్ మనిషి ఉండేవాడు. కాళ్లూ చేతులూ లేవు, తల నుంచి నడుము దాకానే. ఛాతీకీ పొట్టకీ కలిపి ఒకటే మూత. అది తీస్తే లోపల గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, పేగులు, అన్నీ ఊడదీసే ముక్కలు. పరీక్షలో ఒక్కో ముక్కా తీసి పేరు చెప్పాలి, అన్నీ తీశాక ఎక్కడివి అక్కడ పెట్టి మూత వేయాలి. ఇదేమంత పని, వడ్లగింజలో బియ్యపుగింజ అనుకున్నాను.

తీసేటప్పుడు చూడాలి నన్ను! యకృత్, ఆమాశయ్, ప్లీహా, వృక్క్ అంటూ హిందీ పేర్లు గడగడా అప్పజెప్పాను. మా చదువంతా హిందీలోనే. ఇంట్లో తెలుగు, పక్కింటి వాళ్లతో దోర్లీ భాష, బడిలోనూ బజారులోనూ హిందీ. పేర్లు కంఠతా పట్టడం నాకు నీళ్లు తాగినంత సులువు. పెట్టేటప్పుడు మొదలైంది తిప్పలు. కాలేయం కుడివైపు ఉంటుందని పుస్తకంలో ఉంది కదా, నా కుడిచేతి వైపు పెట్టేశాను. ఆ ప్లాస్టిక్ మహానుభావుడు నాకు ఎదురుగా నిలబడి ఉన్నాడనీ, నా కుడి ఆయనకు ఎడమ అవుతుందనీ తట్టలేదు. ఇక ఏది పెట్టబోయినా పట్టదు. కడుపును తోశాను, పేగులను కుక్కాను. చివరికి నా చేతిలో ఒక మూత్రపిండం మిగిలిపోయింది.

పరీక్ష చేసే మేడమ్ ఉత్తరాది నుంచి వచ్చిన డాక్టరమ్మ. కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి, "దాన్నేం చేద్దామని? ఇంటికి పట్టుకెళ్తావా?" అంది హిందీలో. వెనక కూర్చున్న అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూత్రపిండాన్ని పేగుల మీద పడేసి, మూత పెట్టి, అరచేత్తో ఒక్క చరుపు చరిచాను. మూత పడలేదు సరికదా, చిన్నపేగు ముక్క ఎగిరి కిందపడి బెంచీ కిందికి దొర్లుకుంటూ పోయింది. నేను వంగి పాకుతూ దాన్ని వెతుకుతుంటే, పైన మేడమ్ కాగితం మీద ఏదో కొట్టేస్తున్న చప్పుడు వినబడింది.

తప్పానని అప్పుడే తెలిసిపోయింది. రెండు నెలల తర్వాత ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు. అదీ పోతే సీటు పోయినట్టే, మూటాముల్లె సర్దుకోవాలి.

సీటు పోతే నాకు మిగిలేది మిర్చి. మాది తర్లగూడ వైపు, తెలంగాణ సరిహద్దుకు ఇవతల, గోదారి దగ్గరి పల్లె. మిర్చి కోతలప్పుడు మా ఊరి ఆడవాళ్లంతా గుంపులుగా తెలంగాణ వైపు చేలకు పోతారు. అమ్మతో పాటు నేనూ నాలుగేళ్లు పోయాను. సాయంత్రానికి చేతులు భగ్గున మండుతాయి, నీళ్లలో పెడితే మరీ మండుతాయి. పొరపాటున కన్ను నలుపుకున్నారా, ఇక ఆ రాత్రికి నిద్రలేదు. మిర్చి ఏరేవాళ్లను నేనేం తక్కువ చేయడం లేదు, ఆ కూలితోనే మా ఇల్లు గడిచింది. కానీ నాకు నర్సు కావాలని ఉండేది. మా పక్క పల్లెలకు సూది మందు వేయడానికి వచ్చే సిస్టరమ్మకు మా భాష రాదు. మా ముసలమ్మలు కడుపు పట్టుకుని ఏదో చెప్పబోతే ఆమె తల పట్టుకుని ఏదో రాసుకునేది. ఆ కుర్చీలో నేను కూర్చుంటే ఒక్కొక్కరితో ఎంత బాగా మాట్లాడతానో మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. నోరైతే దేవుడు బాగానే ఇచ్చాడు కదా.

కొత్తల పండుగకు సెలవిచ్చారు. కొత్త ధాన్యం దేవతకు పెట్టి, ఆ తర్వాతే మనుషులు తినే పండుగ అది. బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి నాన్న వాకిట్లో కత్తులు నూరుతున్నాడు. ఊరి పండుగలకు మేకను కోసేది మా నాన్నే. నేను తప్పిన సంగతి దాచుదామనే అనుకున్నాను. కానీ నా నోట్లో నువ్వుగింజ నానదు. కాళ్లు కడుక్కోక ముందే మొత్తం కక్కేశాను.

నాన్న తిట్టలేదు. కత్తి ఆపి, "కార్జం ఏడ బెట్టినవ్?" అని మాత్రం అడిగాడు. కాలేయాన్ని మేము కార్జం అనే అంటాం.

"ఎడమ దిక్కు."

"ఎడమ దిక్కా?" నాన్న ముఖం చూస్తే నేనేదో దొంగతనం చేసి పట్టుబడినట్టుంది. "ముప్పై ఏండ్ల నుంచి ఈ ఊరికి మేకను కోస్తున్న. కార్జం ఏడుంటదో నా బిడ్డకు తెల్వకపోవుడేందే! ఊళ్లె ఎవరన్న ఇంటే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"అది మేక కాదు నాయినా, మనిషి."

"మేకకు ఏడుంటదో మనిషికీ ఆడనే ఉంటది. దేవుడు ఒక్కొక్కనికి ఒక్కో తీరుగ పెట్టుకుంటూ కూసుంటడా?"

మా ఊళ్లో మాంసం పంచే పద్ధతి గురించి ఇక్కడ చెప్పాలి. పండుగకు కోసిన మేకను తూకం వేయం. ఎన్ని ఇళ్లు కలిస్తే అన్ని పోగులు పెడతాం. నేల మీద వరుసగా మోదుగాకులు పరిచి, ఒక్కో ఆకు మీద ఒక్కో పోగు. ఏ పోగుకైనా మేకలో ఉన్న ప్రతిదీ కాస్త రావలసిందే. ఇంత కార్జం, ఇంత ఊపిరితిత్తి, ఇంత గుండె, ఇంత మూత్రపిండం, ఇంత పేగు, ఇంత కొవ్వు, రెండు ఎముకలు. ఏ ఇంటి పోగులోనైనా గుండె ముక్క రాలేదంటే ఆ ఇంటి ఆడమనిషి ఆకు పట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చి నిలబడుతుంది. అందుకని నాన్న ఒక్కో భాగం పేరు పైకి చెబుతూ కోస్తాడు, అందరికీ వినబడేలా. చిన్నప్పుడు ఆకులు పరిచే పని నాదే. పేర్లన్నీ నా చెవిన పడుతూనే పెరిగాను. కానీ నేను ఏనాడైనా చూసింది ఆకుల మీది ముక్కలనే, కోసిన పొట్టలోకి ఒక్కసారీ తొంగి చూడలేదు.

మర్నాడు నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆడపిల్ల కత్తి దగ్గర కూర్చుంటే ఊరి పెద్దలకు నచ్చదు. "చదువు పని" అన్నాడు నాన్న ఒకే మాట. మేకను వెల్లకిలా పెట్టి పొట్ట చీల్చాడు.

"ఇగో, ఈ పొర జూడు. ఛాతీకీ కడుపుకీ నడిమిట్ల గోడ. ఇది పైకీ కిందికీ ఊగితేనే ఊపిరాడేది. కార్జం దీనికి ఆనుకొని ఉంటది, కుడి పక్కన. దీని కింద చేదు సంచి. ఇది పగిలిందా, కార్జం మొత్తం కుక్కలకే." వేలి మొనతో ఆ పచ్చని తిత్తిని ఎత్తి, చుక్క కారకుండా తీసి అవతల పెట్టాడు. అందులో ఉన్నది పైత్యరసమనీ, కొవ్వు అరగడానికి అది కావాలనీ నేను పుస్తకంలో చదివాను. పుస్తకంలో అది ఒక గీత, బాణం గుర్తు. ఇక్కడ నాన్న వేలి మీద వేలాడుతోంది.

గొంతు గొట్టం నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. ముడుచుకుని ఉన్న ఊపిరితిత్తులు రెండూ ఒక్కసారిగా ఉబ్బి పైకి లేచాయి. నేను అమ్మో అని వెనక్కి జరిగాను. గుండెను చీల్చి, ఒక గదిలో నీళ్లు పోశాడు. ఒక దారిన పోయిన నీళ్లు అదే దారిన వెనక్కి రాలేదు. "తలుపులున్నయ్. ఇటు తోస్తే తెరుచుకుంటయ్, అటు తోస్తే మూసుకుంటయ్. నెత్తురు వెనకకు మళ్లకుంట." గుండె కవాటాల గురించి మా సెంటర్‌లో రెండు రోజులు చెప్పారు. నాకు అర్థమైంది మాత్రం ఆ లోటాడు నీళ్లతోనే.

పొట్ట దగ్గర చాలాసేపు ఆగాడు. గడ్డి నిండే పెద్ద సంచి, తేనెపట్టు లాంటి చిన్న సంచి, పుస్తకం పేజీల్లా పొరలున్న సంచి, చివర అసలు కడుపు. నాలుగూ నా చేతుల్లో పెట్టి తడిమించాడు. "మేసింది ముందుగల దీంట్ల పడ్తది. నీడకు పండుకున్నంక మల్ల నోట్లెకు తెచ్చుకొని సల్లగ నములుతది." తరువాత నడుము వైపు మూత్రపిండాలు చూపించాడు. "గుర్దాలు రెండూ వీపుకు అతుక్కొని ఉంటయ్. ఎడమదాన్ని జూడు, పెద్ద సంచి తోసి తోసి కుడి దిక్కుకు జరిపేసింది. ఇంట్ల పెద్ద కోడలు చిన్నదాన్ని మూలకు నూకినట్టు."

ఇంత జరిగినా నాకు కుడి ఎడమల తికమక పోలేదు. ఆ సంగతి చెబితే నాన్న ఇంటికి రాగానే చొక్కా విప్పి నులకమంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. "నేనే నీ పిలాస్టిక్ మనిషిని. పెట్టు ఏడియి ఆడ."

మోదుగాకులు రెండు ఛాతీ మీద పెట్టాను, ఊపిరితిత్తులు. టమాటా గుండె. సొరకాయ ముక్క కార్జం. దాన్ని మళ్లీ ఎడమ పక్కనే పెట్టబోయాను. నాన్న టక్కున కుడిచెయ్యి ఎత్తాడు. "ఇది నేను అన్నం తినే చెయ్యి. కార్జం దీని దిక్కు. నీ చెయ్యి జూసుకోకు, ఎదుటోని చెయ్యి జూడు." మూత్రపిండాలు వెనక ఉంటాయి కాబట్టి రెండు వంకాయలను వీపు కిందికి తోశాను. "పిసికిపోతయే! పొద్దుగాల కూరకు దాచింది మీ అమ్మ!" అని అరిచాడు. నవ్వుతున్నాడేమో, ఛాతీ మీది ఆకులు ఎగిరెగిరి పడుతున్నాయి.

సరిగ్గా అప్పుడే అమ్మ చేని నుంచి వచ్చింది. మంచం మీద కదలకుండా మొగుడు, ఒంటి మీద ఆకులూ కాయలూ, తలాపున నిలబడి ఏదో గొణుగుతున్న కూతురు. నెత్తి మీది కట్టెలమోపు ధబాలున పడేసి, "ఓరి దేవుడో!" అని ఒక్క కేక పెట్టింది. నాన్న లేచి కూర్చునేసరికి ఆ కేక రెండింతలైంది. విషయం తెలిశాక పుట్టిన కోపం ఇంకా పెద్దది. "ఏందయ్యా ఇది! సచ్చినోని లెక్క పండుకుంటవా? నీకు బుద్ధి లేదు, దానికి బుద్ధి లేదు, సదువంట సదువు!" వంకాయలు లాక్కుని పోయింది. నా కోపం ఎవరి పోలికో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

సెలవులున్న అన్ని రోజులూ నాన్న అలా పడుకుంటూనే ఉన్నాడు. చివరి రోజున నేను కళ్లు మూసుకుని పెట్టినా ఏదీ తప్పలేదు.

రెండోసారి పరీక్షకు మళ్లీ ఆ మేడమే. నన్ను చూడగానే ప్లాస్టిక్ మనిషిని కాస్త దూరంగా జరుపుకుంది. నేను ఆ ప్లాస్టిక్ మనిషికి ఒక అన్నం తినే చెయ్యి ఉన్నట్టు ఊహించుకున్నాను. కార్జం ఆ వైపు. కడుపు ఇటువైపు. దాని వెనక ఎడమ చివర ప్లీహం. మూత్రపిండాలు ముందే వీపుకు ఆనించి పెట్టేశాను. మూత వేస్తే టక్కుమని పడింది. మేడమ్ ముఖంలో మొదటిసారి మెచ్చుకోలు చూశాను.

"బాగుంది. ఒక అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నావనుకో. అక్కడి నుంచి దాని ప్రయాణం చెప్పు" అంది.

అబ్బో, నాకు తెలియనిదా! ఉత్సాహంగా అందుకున్నాను. నోట్లో లాలాజలం కలుస్తుంది, ఆహారవాహిక గుండా దిగుతుంది, ముందు పెద్ద సంచిలో పడుతుంది, అక్కడ నానుతుంది, తర్వాత తేనెపట్టు లాంటి సంచిలోకి వెళ్తుంది. "ఆపైన విశ్రాంతిగా ఉన్నప్పుడు మళ్లీ నోట్లోకి వస్తుంది, తీరిగ్గా నములుతాం" అన్నాను.

మేడమ్ కలం మూత పెట్టేసింది.

"నువ్వు నెమరేస్తావా?" అని అడిగింది.

ఏం వాగానో అప్పుడు తెలిసింది. సీటు పోయింది, నాన్న పడుకున్న పడకంతా దండగ, మళ్లీ మిర్చి చేలే, అనుకున్నాను. ఆ భయంలోంచే కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీదో కూడా తెలియదు. "మా నాన్న నాకు మేకను కోసి నేర్పాడు మేడమ్. ఆయనకు చదువు రాదు. అయినా కార్జం ఎక్కడుందో మీ ప్లాస్టిక్ మనిషి కంటే బాగా చూపించాడు. నా నోరు జారింది, ఫెయిల్ చేస్తే చేయండి. కానీ నాకు ఏమీ రాదని మాత్రం రాయకండి!" అనేశాను.

మేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మేకను కోసి నేర్పాడా? సరే. అయితే మేకకూ మనిషికీ తేడాలు చెప్పు. తప్పు చెబితే ఇంటికే" అంది.

ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టాను. మేకకు నాలుగు గదుల కడుపు, గడ్డి అరగాలి కాబట్టి. మనం గడ్డి తినం, తిన్నా అరగదు, మనకు ఒక్కటే సంచి, అందులోని ఆమ్లం చాలు. మనకు నెమరు లేదు, ముద్ద కిందికి పోతే పోయినట్టే. కడుపు తర్వాత చిన్నపేగు, కాలేయం నుంచి వచ్చే పైత్యరసం అందులోనే కలుస్తుంది, సారమంతా అక్కడే రక్తంలోకి పోతుంది, నీళ్లు లాగేది పెద్దపేగు. మేక నాలుగు కాళ్ల మీద ఉంటుంది, దాని పేగుల బరువు పొట్ట గోడ మీద పడుతుంది. మనం నిలబడతాం, మన బరువును కటి ఎముకలు మోస్తాయి.

"మూత్రపిండాలు?"

"మేకలో పెద్ద సంచి తోస్తుంది కాబట్టి ఎడమది కుడివైపుకు జరుగుతుంది. మనలో కుడివైపు పైన కార్జం కూర్చుని ఉంటుంది కాబట్టి కుడిది కాస్త కిందికి దిగుతుంది."

"ఎడమది జరుగుతుందా? నాకు తెలియదు ఈ సంగతి" అంది మేడమ్. కలం మూత తీసి ఏదో రాసింది. వెళ్లబోతుంటే వెనక్కి పిలిచింది. "మీ నాన్నకు చెప్పు, మనిషికి కడుపు ఒక్కటేనని."

పాసయ్యాను! బయటికొచ్చి వసారాలో నిలబడి గట్టిగా కేక పెట్టాను. వాచ్‌మన్ తాత పాము కనిపించిందేమోనని కర్ర తీసుకుని పరుగెత్తుకొచ్చాడు.

ఇంటికి ఫోన్ చేసి మేడమ్ మాట చెబితే నాన్న చాలాసేపు నమ్మలేదు. "ఒక్కటేనా? మంచిగ జూసిన్రా?" అని మూడుసార్లు అడిగాడు.

వేసవి చివర విత్తనాల పండుగకు మళ్లీ ఊరికి వెళ్లాను. నా ట్రైనింగ్ ఇంకా ఏడాది మిగిలే ఉంది. నాన్న మేకను కోస్తున్నాడు, నేను అలవాటుగా ఆకులు పరిచాను. ఇంటికొకటి చొప్పున లెక్కపెట్టి పరిచాను. నాన్న చూసి, "ఇంకొక్కటి పరువు" అన్నాడు.

"ఎవరికి?"

"నర్సమ్మకు."

ఊరి పెద్ద చుట్ట తీసి పక్కన పెట్టాడు. "అదేందిరా, ఇంటికి ఒక్కటే పోగు గదా. పెండ్లిగాని ఆడపిల్లకు వంతేంది? మన తాతల కాలం నుంచి లేదు."

"ఆడపిల్లకు గాదు పెద్దయ్యా. నర్సమ్మకు అంటున్న. పూజారికి వంతుంది, డప్పు కొట్టేటోనికి వంతుంది. రేపు మీ కడుపు నొస్తే చూసేటిదానికి వంతు వద్దా?"

"ఇంకా నర్సు గాలే గదరా!"

"అయితది" అన్నాడు నాన్న, తల ఎత్తకుండానే.

ఒక ముసలాయన ఒళ్లో చెయ్యి పెట్టుకుని, "నాకు ఇక్కడ ఒకటే గుంజుతాంది, అదేందో ఈ పిల్ల చెప్తదా మరి?" అన్నాడు. అందరూ నవ్వారు. ఊరి పెద్ద చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుని, సరే కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. నేను ఇంకో ఆకు తెచ్చి వరుస చివర పరిచాను. నాన్న పేర్లు చెబుతూ ఒక్కో ముక్కా ఆకుల మీద వేస్తూ వచ్చాడు. చివరి ఆకు మీద కూడా అన్నీ పడ్డాయి, ఏదీ తగ్గలేదు.

ఆ పోగును అమ్మ ఇంటి పోగులో కలపలేదు. చిన్న గిన్నె కడిగి, అందులో విడిగా వండింది. మా ఇంట్లో ఎప్పుడూ మొదట నాన్నే తింటాడు. ఆ రోజు నాన్న చేతులు కడుక్కుని వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, "ముందు దానికి పెట్టు" అన్నాడు. అమ్మ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. తింటుంటే నా కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి.

"కారం ఎక్కువైందా?" అంది అమ్మ.

"కారం కాదే అమ్మా, కండ్లు కనబడ్తలేవా నీకు? సంతోషం!" అని కసురుకుని ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాను.